బెల్లు కొట్టాం కదా అంటే సరిపోదు: వాకర్లు, సైక్లిస్టులు, కొన్ని అపోహలు

పెద్దయ్యాక సైకిల్ నేర్చుకుందామనుకునేవాళ్లకి నేను హైదరాబాద్‌లో నేర్పిస్తుంటాను. బ్యాలెన్స్ అందరూ భయపడేంత కష్టమేం కాదు, కొద్ది రోజుల్లో వచ్చేస్తుంది. అసలు పని ఆ తర్వాతే, తెల్లవారుజామున వాళ్లని నెక్లెస్ రోడ్డు మీదకి తీసుకెళ్లినప్పుడు మొదలవుతుంది (2021 నుంచి దాని పేరు పీవీ నరసింహారావు మార్గ్, కానీ ఆటో డ్రైవర్‌తో సహా ఎవరూ అలా పిలవరు). ఆ టైములో అక్కడ కార్లు తక్కువ, నడిచేవాళ్లు ఎక్కువ. విశాఖ బీచ్ రోడ్డులోనూ పొద్దున్నే ఇదే కథ. సైక్లిస్టులేమో వాకర్ల మీద ఫిర్యాదు చేస్తారు, వాకర్లేమో మా హెల్మెట్లు చూడగానే ముఖం చిట్లిస్తారు, రెండు వైపుల నుంచీ నేను వినే మాటలు మాత్రం ఎప్పుడూ అవే. వాటిల్లో ఎక్కువగా వినపడేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బెల్లు కొట్టాను, ఇక తప్పుకోవడం వాళ్ల పని.

వాస్తవం: బెల్లు అంటే వెనక నేనున్నానని చెప్పడం, అంతే. దారి ఇమ్మని హుకుం కాదు. వెనక నుంచి బెల్లు వినపడగానే మనిషి ఏం చేస్తాడో ఒక్కసారి గమనించండి. ముందు తల తిప్పుతాడు. తల ఎటు తిరిగితే ఒళ్లు కూడా కొంచెం అటే జరుగుతుంది, అంటే కుడి భుజం మీదుగా వెనక్కి చూసినవాడు తెలియకుండానే కుడి వైపుకి, అంటే సరిగ్గా మీరు వెళ్దామనుకుంటున్న వైపుకి ఒక అడుగు వేస్తాడు. ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటూ నడుస్తుంటే ఇంకో రకం: బెల్లు వినగానే ఒకరు ఎడమకి, ఒకరు కుడికి విడిపోతారు, మీకు మధ్యలో దారి దొరికిందనుకుంటారు, ఈలోపు కుడికి వెళ్లినామె "అయ్యో, నేనూ అటే వస్తా" అని స్నేహితురాలి వైపు మళ్లీ అడ్డంగా పరుగెత్తుతుంది. ఇందులో ఆమె తప్పేం లేదు. ఉలిక్కిపడ్డ మనిషి ఎవరైనా తనవాళ్ల దగ్గరకే వెళ్తారు.

ఉలిక్కిపడకుండా చూసుకోవడం మీ చేతిలో ఉంది. లెక్క చూడండి. మీరు గంటకి 20 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉన్నారు, ముందు మనిషి 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నాడు. తేడా 15, అంటే సెకనుకి నాలుగు మీటర్ల చొప్పున మీరు అతని దగ్గరకి వస్తున్నారు. 5 మీటర్ల దూరంలో బెల్లు కొడితే అతనికి దొరికేది సెకను కంటే కాస్త ఎక్కువ, అంత టైములో ఎవరికైనా గుండె గుభేల్ మనడం తప్ప ఇంకేం జరగదు. అదే 25 మీటర్ల ముందు, ఒక్కసారి, చిన్నగా కొడితే ఆరు సెకన్లు ఉంటాయి. వినడానికి, తల తిప్పడానికి, పక్కకి జరగడానికి అవి చాలు. జరగకపోతే? స్పీడ్ తగ్గించండి, వాళ్ల వెనకే కాసేపు వెళ్లండి. చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉండొచ్చు, లేదా డెబ్బై దాటిన తాతగారికి బెల్లు అసలు వినపడకపోవచ్చు. పక్షవాతం వచ్చి తగ్గాక మెల్లగా నడక మొదలుపెట్టినవాళ్లు కూడా పొద్దున్నే చాలామంది కనపడతారు, వాళ్లకి విన్నా చటుక్కున జరగడం కుదరదు.

బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 63వ నిబంధన ఇదే చెబుతుంది: నడిచేవాళ్ల పక్క నుంచి, ముఖ్యంగా వెనక నుంచి, దగ్గరగా గానీ వేగంగా గానీ వెళ్లొద్దు, బెల్లు కొట్టో మర్యాదగా పలకరించో మీరున్నారని తెలియజేయండి, కానీ వాళ్లకి వినపడకపోవచ్చు, కనపడకపోవచ్చు, అది గుర్తుంచుకోండి అని. బెల్లు విషయంలో దేశానికో తీరు. నెదర్లాండ్స్‌లో సైకిల్‌కి బెల్లు లేకపోతే తప్పు, జపాన్‌లోనేమో ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లని తప్పుకోమని బెల్లు కొట్టడమే తప్పు. అక్కడ ఫుట్‌పాత్ మీద సైకిల్ నడపడానికి అనుమతి ఉన్న చోట కూడా నడిచేవాళ్లదే ముందు హక్కు, మనం ఆగాలి.

అపోహ: "ఆన్ యువర్ లెఫ్ట్" అంటే అందరికీ అర్థమవుతుంది.

వాస్తవం: ఇది అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లతో వచ్చిన అలవాటు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ట్రెయిల్ మీద అందరూ కుడి పక్కన వెళ్తారు, దాటేవాడు ఎడమ నుంచి దాటుతూ అలా అరుస్తాడు, అక్కడ అది సరే. ఇక్కడ మనం వెళ్లేది ఎడమ పక్కన, దాటేది కుడి నుంచి. పోనీ సరిచేసుకుని "ఆన్ యువర్ రైట్" అన్నా లాభం లేదు, "రైట్" అన్న ముక్క ఒక్కటే చెవిన పడి ఆ పెద్దాయన నేరుగా కుడికి జరుగుతాడు. పక్కల పేర్లు చెప్పడం మానేయండి. "అంకుల్, వెనక సైకిల్ వస్తోందండీ, మీరు అలాగే నడవండి" అని మామూలు గొంతుతో అంటే చాలు, ఆ "అలాగే నడవండి" చాలా పని చేస్తుంది. మీకంటే చిన్నవాళ్లయితే "తమ్ముడూ, వస్తున్నా". దాటాక "థాంక్సండీ" అనడానికి ఖర్చేం లేదు, మళ్లీ రేపు పొద్దున అదే మనిషి అదే చోట ఎదురవుతాడు కదా.

అపోహ: సైకిలే కదా, ఎంత స్పీడ్‌లో ఉన్నా టక్కున ఆగిపోతుంది.

వాస్తవం: ఆగదు. ఏదో అడ్డొచ్చిందని మెదడుకి తెలిసి చెయ్యి బ్రేక్ మీద పడేసరికి దాదాపు ఒక సెకను పోతుంది. పొడి రోడ్డు, మంచి బ్రేకులు ఉన్నాయనుకున్నా గంటకి 15 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి సుమారు 6 మీటర్లు కావాలి. 25లో దాదాపు 13, 30లో 17. స్పీడ్ రెట్టింపైతే ఆగే దూరం రెట్టింపుకి మించి పెరుగుతుందని అందుకే మొదటి వారంలోనే సుద్దముక్కతో గీతలు గీసి చూపిస్తాను. గీత దగ్గర బ్రేక్ వెయ్యమంటే తడబడనివాళ్లు అరుదు. వాన పడ్డాక రిమ్ బ్రేకులున్న (చక్రం అంచుని రబ్బరు ముక్కలతో నొక్కి ఆపే) సైకిలైతే ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి.

కాబట్టి జనం ఉన్న చోట 15 దాటొద్దు, మనిషి పక్క నుంచి వెళ్లేటప్పుడు ఇంకా తగ్గించండి. స్ట్రావాలో (సైక్లిస్టులు తమ రైడ్‌ల వేగం నమోదు చేసుకునే యాప్) టైమింగ్ కొట్టాలనుకుంటే అందుకు వేరే రోడ్లున్నాయి, వేరే వేళలున్నాయి. ఆదివారం ఏడింటికి ట్యాంక్‌బండ్ మీద రికార్డు ఏమిటండీ అసలు!

అపోహ: రోడ్డు మీద కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండ్లు చూసుకుంటూ నడవాలని చిన్నప్పుడు చెప్పారు, ఇక్కడా అంతే.

వాస్తవం: అది ఫుట్‌పాత్ లేని రోడ్లకి, మోటారు బండ్ల మధ్య నడిచేటప్పుడు పనికొచ్చే జాగ్రత్త. నడిచేవాళ్లు, సైకిళ్లు కలిసి వెళ్లే దారిలో సగం మంది అలా, సగం మంది ఇలా నడిస్తే సైక్లిస్టు పాములా మెలికలు తిరగాల్సి వస్తుంది. బోర్డు ఏదైనా ఉంటే దాని ప్రకారం, లేకపోతే అందరూ ఎడమ పక్కనే.

అపోహ: వెడల్పు ట్రాకే కదా, నలుగురం పక్కపక్కన నడిచినా ఇబ్బందేం లేదు.

వాస్తవం: ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న ట్రాకే చూడండి. 2023 అక్టోబర్‌లో తెరిచారు, 23 కిలోమీటర్లు, వెడల్పు నాలుగున్నర మీటర్లు. వినడానికి బోలెడంత. ముగ్గురు పక్కపక్కన నడిస్తే రెండు మీటర్లు పోయింది. వాళ్లని దాటే సైకిల్‌కి హ్యాండిల్ వెడల్పు, అటూ ఇటూ ఊగడం కలిపి ఒక మీటరు. ఎదురుగా వచ్చే సైకిల్‌కి ఇంకో మీటరు. మిగిలింది అర మీటరు, నాలుగో మనిషి చేరితే అదీ లేదు. పక్కపక్కన ఇద్దరు, వెనక ఇద్దరు నడిస్తే రాజకీయాలు అంతే బాగా మాట్లాడుకోవచ్చు. ఇదే మాట జంటగా తొక్కే మావాళ్లకీ చెబుతాను, వాళ్లు వినడం ఇంకా తక్కువ.

అపోహ: సైకిల్ ట్రాక్ మీద నడవడం వాళ్ల తప్పు, తగిలితే నా బాధ్యత లేదు. ఎలాగూ సైకిల్‌కి లైసెన్స్ లేదు, చలానా లేదు.

వాస్తవం: అసలు ప్రమాదకరమైన ఆలోచన ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ట్రాక్ సైకిళ్లకే అని రాసి ఉన్న చోట నడవడం సరి కాదు, ఒప్పుకుంటాను, నాకూ విసుగే. కానీ ఎండాకాలంలో నీడ ఉన్న చదునైన దారి కనపడితే, చుట్టుపక్కల నడవడానికి ఫుట్‌పాత్ లేకపోతే జనం అక్కడికి రాకుండా ఎలా ఉంటారు? వాళ్లు అక్కడ ఉండకూడదన్నది ఒక విషయం, ముందు మనిషి కనపడుతున్నా బ్రేక్ వెయ్యకపోవడం పూర్తిగా వేరే విషయం.

చట్టం సంగతి కూడా చాలామంది అనుకుంటున్నట్టు లేదు. సైకిల్ మోటారు వాహనం కాదు, నిజమే, మోటారు వాహనాల చట్టంలో చాలా భాగం దానికి వర్తించదు. కానీ 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్ ఉంది, అంతకుముందు ఐపీసీలో ఇదే 279. దారి మీద ఇతరుల ప్రాణానికి ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యంగా ఏ వాహనం నడిపినా ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందులో మోటారు అనే షరతు లేదు.

అపోహ: రోడ్డు మీద బస్సులున్నాయి, ప్రాణభయం, కాబట్టి ఫుట్‌పాత్ మీద తొక్కుకుంటే తప్పేముంది.

వాస్తవం: భయం నిజమే. కానీ అదే భయంతో ఫుట్‌పాత్ మీదకి చేరినవాళ్ల దగ్గరకే మీరు వెళ్తున్నారు. ఫుట్‌పాత్ వాడుకోవడం పాదచారుల జీవించే హక్కులో భాగమని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. తప్పనిసరై ఎక్కాల్సి వస్తే దిగి నడిపించుకుంటూ వెళ్లండి. చేత్తో పట్టుకుని నడిపిస్తే మీరూ పాదచారే.

అపోహ: లైట్ ఎంత ఎక్కువ ఉంటే అంత సేఫ్.

వాస్తవం: మీకు సేఫ్. ఎదురుగా వచ్చేవాళ్లకి కళ్లు జిగేల్‌మని రెండు మూడు సెకన్లు ఏమీ కనపడదు, కళ్లద్దాల పెద్దవాళ్లకి ఇంకా ఎక్కువసేపు. డిసెంబర్‌లో ఐదున్నరకి చీకట్లో ఇది మరీ ఇబ్బంది. లైట్‌ని కిందకి వంచండి, వెలుగు ఎదుటివాళ్ల నడుము దాటి పైకి రాకూడదు. ముందు లైట్‌లో ఫ్లాషింగ్ మోడ్ ఇలాంటి దారుల్లో వద్దే వద్దు, టపటపా కొట్టుకునే వెలుగులో మీరు ఎంత దూరంలో ఉన్నారో ఎదుటివాళ్లకి అంచనా దొరకదు.

అపోహ: పిల్లలు, కుక్కలు పక్కకే ఉన్నాయి కదా, దాటేయొచ్చు.

వాస్తవం: పిల్లాడు దారికి ఒక పక్క, అమ్మ ఇంకో పక్క ఉంటే వాళ్ల మధ్య తాడు కట్టి ఉందనుకోండి. మిమ్మల్ని చూసి ఆమె "చిన్నా, సైకిల్ వస్తోంది, ఇటు రా!" అని పిలుస్తుంది, వాడు నిజంగానే వస్తాడు, సరిగ్గా మీ ముందు చక్రం మీదకి. కాబట్టి అక్కడ నడిచే వేగానికి తగ్గాలి, లేదా ఒక కాలు కింద పెట్టి ఆగాలి. కుక్క విషయంలో నిజంగానే తాడు ఉంటుంది. ఈ మధ్య వస్తున్న, లాగితే సాగే సన్నటి లీష్ తెల్లవారుజామున అసలు కనపడదు, యజమాని ఫోన్ చూసుకుంటూ ఈ పక్క, కుక్క వాసన చూసుకుంటూ ఆ పక్క. కుక్కల్ని తెచ్చేవాళ్లకి నా మనవి: జనం ఉన్న చోట పొట్టి తాడు, అదీ దారి అంచు వైపు పట్టుకోండి.

అపోహ: ఈ-సైకిల్ కూడా సైకిలే.

వాస్తవం: మోటార్ పవర్ 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు ఉంటే చట్టం దాన్ని మోటారు వాహనంగా చూడదు. కానీ తొక్కకుండా వేలితో నొక్కితే పరుగెత్తే యాభై కిలోల బండి గుద్దితే తగిలే దెబ్బకి ఆ సంగతి తెలియదు. చప్పుడు కూడా ఉండదు. మామూలు సైకిల్‌కి చెప్పినవన్నీ దీనికి ఇంకాస్త గట్టిగా.

అపోహ: చిన్నగా తగిలింది, ఆయన లేచి నిలబడ్డాడు, "ఏం పర్లేదు బాబూ" అన్నాడు, ఇక వెళ్లిపోవచ్చు.

వాస్తవం: వెళ్లొద్దు. పడ్డ వెంటనే సిగ్గుతో, కంగారుతో అందరూ పర్లేదనే అంటారు. పెద్దవాళ్లు పడితే ఎక్కువగా దెబ్బ తినేవి మణికట్టు, తుంటి, తల. చెయ్యి నేలకి ఆనించి పడితే మణికట్టు విరిగినా ముందు నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు. తలకి తగిలిందా అని అడగండి, రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్నారా అని తప్పకుండా అడగండి. గుండె జబ్బుకి వాడేవాళ్లు చాలామంది ఉంటారు. వేసుకుంటున్నారంటే బయటకి ఏమీ కనపడకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, లోపల రక్తం కారడం గంటల తర్వాత బయటపడొచ్చు. ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లకి ఫోన్ చేయించండి, మీ నంబర్ ఇవ్వండి. తర్వాత మీ సైకిల్ చూసుకోండి: హ్యాండిల్ వంకర పోయిందా, ముందు చక్రం బ్రేక్‌కి రాసుకుంటోందా, రెండు బ్రేకులూ పడుతున్నాయా. అనుమానంగా ఉంటే తొక్కకుండా నడిపించుకుంటూ వెళ్లండి.