కేసు కొట్టేసినా పరిహారం ఎందుకంటే

నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చాక, బాధితురాలికి సర్కారు ఇచ్చిన డబ్బు సంగతేంటి? వెనక్కి రాబట్టాలా? తీర్పు రాకముందే ఎందుకిచ్చినట్టు? ఏదో ఒక కేసు వంకతో అప్పుడప్పుడూ పైకి తేలే వాదనే ఇది. ఇప్పుడు మళ్లీ తేలింది. పరిహారం తీర్పును బట్టే రావాలన్న అపోహ మీద చర్చంతా నడుస్తోంది కాబట్టి కాస్త వెనక్కి వెళ్లక తప్పదు.

మరీ వెనక్కి అక్కర్లేదు. జైల్లో అన్యాయంగా మగ్గినవాళ్లకు సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించడం, జరిమానా సొమ్ములోంచి బాధితుడికి కొంత ఇవ్వమన్న, పాత నేర విచారణ చట్టం సీఆర్పీసీలోని సెక్షన్ 357... ఇవి చాలామందికి తెలిసినవే. ఆ పాత సెక్షన్‌లో ఒక్క ఇబ్బంది గుర్తుంచుకుంటే చాలు. నేరగాడు దొరకాలి, నేరం రుజువు కావాలి, వాడి దగ్గర డబ్బుండాలి. మూడూ కలిసొస్తేనే బాధితుడి చేతికి ఏదైనా వచ్చేది.

ఇప్పటి గొడవకు అసలు ముడి 2009 డిసెంబరు 31న పడింది. ఆ రోజు సీఆర్పీసీలో 357ఎ అమల్లోకి వచ్చింది. ప్రతి రాష్ట్రమూ బాధితుల పరిహార పథకం పెట్టాలని, కోర్టు సిఫార్సు చేస్తే ఎంత ఇవ్వాలో, ఉచిత న్యాయసాయం చూసే న్యాయసేవాధికార సంస్థ తేల్చాలని చెప్పింది. దాని మూడో ఉపసెక్షన్‌ను ఎవరూ టీవీలో చదివి వినిపించరు. కేసు కొట్టేసినా, నిందితుడిని విడిచిపెట్టినా, బాధితుడికి పునరావాసం అవసరమనుకుంటే కోర్టు పరిహారానికి సిఫార్సు చేయొచ్చని అందులో ఉంది. నిందితుడి ఆచూకీ తెలియక విచారణే జరగకపోతే బాధితులే నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చన్నది నాలుగోది. అంటే నిర్దోషి తీర్పు వచ్చిన కేసులో పరిహారం దక్కడం చట్టంలో లొసుగు కాదు, పార్లమెంటు తెలిసి రాసిన మాట. డబ్బు దెబ్బ తగిలినవాళ్ల వెంట వెళ్లాలి, తీర్పు వెంట కాదని అప్పుడే తేల్చేశారు.

ఈ ఆలోచన అంతకు పదిహేనేళ్ల ముందునాటిది. 1993లో రాంచీ నుంచి ఢిల్లీ వెళ్తున్న మూరీ ఎక్స్‌ప్రెస్‌లో, ఇళ్లలో పనిచేసుకు బతికే మహిళలపై ఆర్మీ జవాన్లు అత్యాచారం చేశారు. ఆ కేసులో 1994లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు నేర బాధితుల పరిహారానికి ఒక బోర్డు ఉండాలంది. నేరం రుజువైనా, కాకున్నా ఆ బోర్డు పరిహారం ఇవ్వాలంది. బోర్డు రాలేదు. 1996లో లా కమిషన్, 2003లో నేర న్యాయ సంస్కరణల కోసం వేసిన మలిమత్ కమిటీ మళ్లీ చెప్పాయి. చివరికి బోర్డు బదులు 357ఎ వచ్చింది.

వచ్చాక ఏమైంది? సెక్షన్‌ను మూడు చేతుల్లో పెట్టారు. సిఫార్సు చేసేది కోర్టు, లెక్క కట్టేది న్యాయసేవాధికార సంస్థ, డబ్బులిచ్చేది రాష్ట్ర ఖజానా. బాధితుల అనుభవం అడిగితే ఈ మూడింటి మధ్య తిరగడం గురించే చెబుతారు. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆస్పత్రి రిపోర్టు, బ్యాంకు పాస్‌బుక్ జెరాక్సు, మనిషి పోయిన ఇంట్లోవాళ్లయితే వారసత్వం సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టుకుని న్యాయసేవాధికార సంస్థకు వెళ్తే ‘కోర్టు సిఫార్సు ఏదీ?’ అంటారు. కోర్టులో అడిగితే ‘తీర్పప్పుడు చూద్దాం’ అంటారు. రెండూ దాటినా ‘ఫండ్ రాలేదు’ అన్న జవాబు ఎలాగూ ఉంటుంది. తీర్పు దాకా ఆగడమంటే ఏళ్లు. ఈలోగా ఆపరేషన్ ఆగదు, అప్పు ఆగదు, అవతలి పక్షం రాజీ బేరమూ ఆగదు. సాక్షులు అడ్డం తిరిగారని తిట్టేవాళ్లు ఈ చివరి సంగతి మీద కాసేపు ఆలోచించాలి.

ఈ తిప్పలను పట్టుకున్నది 2014 నవంబరు నాటి సురేశ్ వర్సెస్ హర్యానా తీర్పు. డబ్బు కోసం తండ్రినీ కొడుకునూ ఎత్తుకెళ్లి చంపేసిన కేసది. నేరం 2000లో జరిగింది. కింది కోర్టు, హైకోర్టు శిక్ష సంగతి చూశాయి గానీ, మిగిలిన కుటుంబం ఎలా బతుకుతోందని అడగలేదు. సుప్రీంకోర్టు అడిగింది. నెలలోగా పది లక్షల మధ్యంతర పరిహారం ఇవ్వాలని హర్యానా న్యాయసేవాధికార సంస్థను ఆదేశించింది. సంస్థ దగ్గర నిధులు లేకపోతే రాష్ట్ర ప్రభుత్వమే నెలలోగా సర్దాలని ‘ఫండ్ రాలేదు’ అన్న సాకును ముందే మూసేసింది. నేరం జరిగినట్టు కనిపించి, బాధితులకు తక్షణ అవసరం ఉంటే మధ్యంతర సాయం ఇవ్వడం కోర్టుల బాధ్యతని చెప్పింది.

అదే తీర్పులో మనవాళ్లు చదివి తీరాల్సిన ఒక వాక్యం ఉంది. సెక్షన్ వచ్చి ఐదేళ్లు కావస్తున్నా పథకం నోటిఫై చేయని నాలుగు రాష్ట్రాల పేర్లు రాసి, నెలలోగా చేయమంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మధ్యప్రదేశ్, మేఘాలయ. నాలుగింట రెండు మనవే. విభజన హడావుడి అనుకుందామన్నా అది 2014 సంగతి, అంతకు ముందు నాలుగేళ్లకు ఆ సాకూ లేదు. రెండు చోట్లా పథకాలు 2015లో వచ్చాయి.

రాష్ట్రానికో రేటు అన్న సమస్య మిగిలింది. నిపుణ్ సక్సేనా కేసులో 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) పథకం మహిళా బాధితుల వరకు దాన్ని సర్దింది. ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు, అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, యాసిడ్ దాడిలో ముఖం వికృతమైతే 7 నుంచి 8 లక్షలు. ప్రత్యేక నిబంధనలు వచ్చేదాకా, పిల్లలపై లైంగిక నేరాలను విచారించే పోక్సో కోర్టులు కూడా దీన్నే దారిగా తీసుకోవాలన్నారు. కత్తిపోటుకు గురైన మగవాడు మాత్రం ఇంకా తన రాష్ట్రం పథకం మీదే ఆధారపడాలి. ఆ తేడా గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

అవతలి వాదన కూడా ఉంది. 2022లో అలహాబాద్ హైకోర్టు, ఎస్సీ ఎస్టీలపై దాడులు, వేధింపులను అడ్డుకునే అట్రాసిటీ చట్టం కింద ఇచ్చే పరిహారం గురించి, పన్ను కట్టేవాళ్ల డబ్బు దుర్వినియోగం అవుతోందని, శిక్ష పడ్డాకే ఇవ్వాలని అభిప్రాయపడింది. డబ్బు తీసుకుని రాజీపడేవాళ్లు లేరని ఎవరూ అనరు. కాకపోతే ఆ చట్టం నిబంధనలే ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, తీర్పు దశల్లో డబ్బు విడతలుగా ఇవ్వమంటున్నాయి. శిక్ష దాకా ఆగమంటే నిబంధనలే మార్చాలి. పైగా దర్యాప్తు సరిగ్గా జరగక కొట్టేసిన కేసుకీ, అబద్ధపు కేసుకీ తేడా ఎవరు తేలుస్తారన్న ప్రశ్నకు ఈ పక్షం నుంచి ఇంతవరకు జవాబు రాలేదు.

2024 జులై 1 నుంచి 357ఎ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 396 వచ్చింది. చట్టం మొత్తం తిరగరాసే అవకాశం వచ్చినా, కేసు కొట్టేసినా సిఫార్సు చేయొచ్చన్న మాటను తీసేయలేదు. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది: మహిళలు, పిల్లలపై లైంగిక దాడుల వంటి శరీరానికి హాని జరిగిన కేసుల్లో సెషన్స్ కోర్టు తీర్పులోనే పరిహారం సంగతి కూడా తేల్చాలని. సురేశ్ తీర్పుకు దాదాపు పదేళ్ల తర్వాత.

నల్సా పథకంలో దరఖాస్తుకు గడువు మూడేళ్లు. దాన్ని నేరం జరిగిన రోజు నుంచే కాదు, విచారణ ముగిసిన రోజు నుంచి కూడా లెక్క కట్టొచ్చు. కిందటేడు కేసు కొట్టేశారని ఫైలు అటక మీద పడేసినవాళ్లకు ఇంకా టైముంది.