మదుము దగ్గర నిలబడి డీజిల్ బండి మసి ఫిల్టర్‌ని చూద్దాం

పలాస నుంచి ఒకాయన ఫోన్ చేశారు. బీఎస్6 (బండ్ల పొగ మీద ప్రభుత్వం పెట్టిన పరిమితుల్లో ఆరో దశ) డీజిల్ వ్యాను, రోజంతా జీడిపప్పు డబ్బాలు కాశీబుగ్గలోనూ చుట్టుపక్కల షాపుల్లోనూ దింపడమే పని. డ్యాష్‌బోర్డులో మసి ఫిల్టర్ (పొగలోని మసిని బయటికి పోకుండా పట్టి ఉంచేది) లైటు వెలిగిందట. షెడ్డులో స్కానర్ పెడితే పీ2463 అని వచ్చింది, ఫిల్టర్ మార్చాల్సిందే అన్నారు. ఆ రేటు విన్నాక ఆయనకి టెన్షన్ మొదలైంది. ఇంట్లోవాళ్లేమో దిష్టి తగిలిందని బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. కట్టినందువల్ల నష్టమేమీ లేదు. కానీ పీ2463ని చూసి ఫిల్టర్ పాడైందనుకోవడం కూడా నా దృష్టిలో అలాంటి నమ్మకమే. ఆ కోడ్ చెప్పేది మసి ఎక్కువగా పేరుకుంది అని మాత్రమే. ఎందుకు పేరుకుందో చెప్పదు.

బీఎస్6 గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. 2020 ఏప్రిల్ 1 నుంచి డీజిల్ కార్లకి మసి పరిమితి కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి దిగింది. అందుకే ఈ ఫిల్టర్లు వచ్చాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఫిల్టర్ పక్కన ఉండే అగ్గిపెట్టెంత సెన్సర్. దానికి రెండు రబ్బరు గొట్టాలు ఉంటాయి, ఒకటి ఫిల్టర్ ముందు నుంచి, ఒకటి వెనక నుంచి. ఆ రెండు చోట్లా పొగ ఒత్తిడిలో తేడా ఎంతో చెప్పడమే దాని పని.

ఇది అర్థం కావాలంటే వంశధార ఎడమ కాలువ నీళ్లొచ్చే ఊళ్లో ఏదో ఒక మదుము, అంటే నీళ్లు వదిలే తూము, దగ్గర నిలబడండి. మదుముకి గుర్రపుడెక్క అడ్డం పడితే ఎగువన నీళ్లు ఎక్కుతాయి, దిగువన తగ్గుతాయి. ఆ రెండు మట్టాల తేడా చూసి ఎంత పూడిందో రైతు చెప్పేస్తాడు. ఇది ఉత్త పోలిక కాదు. ఒక మిల్లీబార్ ఒత్తిడంటే దాదాపు ఒక సెంటీమీటరు ఎత్తు నీళ్లు. ఆ రెండు గొట్టాలనీ తీసి, సగం దాకా నీళ్లు పోసిన యు ఆకారపు గాజు గొట్టానికి తగిలిస్తే సెన్సర్ చూసేది మన కళ్లతోనే చూడొచ్చు. పదో తరగతి పిల్లలకి ఒత్తిడి పాఠం చెప్పేటప్పుడు ఒక డీజిల్ బండి తెచ్చి ఇది చూపిస్తే జన్మలో మరిచిపోరు.

ఇప్పుడు మదుము దగ్గరే ఇంకాసేపు ఉందాం. కాలువలో నీళ్లు సన్నగా పారుతుంటే, సగం పూడిన మదుము దగ్గర కూడా మట్టాల తేడా పెద్దగా కనపడదు, అందుకే ఐడిలింగ్‌లో చూసి ఫిల్టర్ బాగుందని చెప్పకూడదు, ఇంజన్ వేడెక్కాక 2500, 3000 ఆర్‌పీఎమ్ దగ్గర చూడాలి. కాలువ కట్టేస్తే తేడా సున్నా కావాలి. అంటే ఇంజన్ ఆపి తాళం మాత్రం తిప్పినప్పుడు సెన్సర్ సున్నా చూపకపోతే తప్పు సెన్సర్‌ది, ఫిల్టర్‌ది కాదు. ఎగువ గొట్టం చిట్లితే ఒత్తిడి బయటికి పోయి, పూడిన ఫిల్టర్ కూడా శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకో తిరకాసు ఉంది. నీళ్లెంత వదిలారో వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ దగ్గర మనిషి తక్కువ చేసి చెప్పాడనుకోండి, మదుము దగ్గరున్నవాడు ఇంత తక్కువ నీళ్లకి ఇంత తేడానా, బాగా పూడిపోయిందే అనుకుంటాడు. బండిలో ఆ బ్యారేజీ మనిషి ఎవరంటే, ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే సెన్సర్. దానికి దుమ్ము పట్టి తక్కువ చూపిస్తే, ఏ పాపం ఎరగని ఫిల్టర్ మీద నింద పడుతుంది.

అసలు మసి ఎలా పోతుంది? 600 డిగ్రీల దగ్గర కాలిపోతుంది. ఊళ్లో తిరిగితే పొగకి అంత వేడి రాదు కాబట్టి కంప్యూటరే అప్పుడప్పుడు ఆలస్యంగా కాస్త డీజిల్ చిమ్మి, ఫిల్టర్‌కి ముందున్న క్యాటలిస్టులో మండించి, వేడి పుట్టిస్తుంది. అది పూర్తి కాకముందే బండి ఆపేస్తే మసి మిగిలిపోతుంది, చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ తగ్గలేదు, పైగా పెరిగింది అని సంతోషించే డ్రైవర్లు ఉన్నారు. అది ప్రమాదం.

ఇవన్నీ పలాస ఆయనతో చేయించాను. తాళం తిప్పితే సున్నా. గొట్టాలు బాగున్నాయి, గాలి సెన్సర్ బాగుంది. 3000 దగ్గర 140 మిల్లీబార్లు, అంటే నాలుగున్నర అడుగులకి పైనే నీళ్లు! గేజ్ పుల్ల తీస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది, డీజిల్ వాసన. రోజుకి పాతికసార్లు ఆపి స్టార్ట్ చేసే బండిలో ఫిల్టర్‌లోని మసి కాలడం ఎప్పుడూ పూర్తి కాలేదన్నమాట. ముందు ఆయిల్ మార్పించి, షెడ్డులో స్కానర్‌తో ఒకసారి మసి కాల్పించి, ఆ తర్వాత ఇచ్ఛాపురం వైపు హైవే మీద ఆగకుండా వెళ్లిరమ్మన్నాను.

వచ్చాక 3000 దగ్గర మళ్లీ చూశారు. 40 మిల్లీబార్లు, అడుగుంపావు నీళ్లు. ఈ మిగిలిన దాంట్లో శుభ్రమైన ఫిల్టర్‌కి ఎప్పుడూ ఉండే తేడా ఎంత, ఇంజన్ ఆయిల్ నుంచి వచ్చి ఎంత వేడికీ కాలని బూడిద ఎంత అన్నది ఒక్కసారి చూస్తే తెలియదు. అందుకే తేదీ, కిలోమీటర్లు, ఈ అంకె మూడూ నోటుబుక్కులో రాసుకోమన్నాను, ప్రతిసారీ మసి కాలిన తర్వాత, అదే 3000 దగ్గర.