పాట వినకుండానే పడే గ్రేడు

పదో తరగతిలో 20 ఇంటర్నల్ మార్కులు ఉండాలా, పోవాలా అన్న పేచీ మళ్లీ చర్చకు వచ్చింది. ప్రైవేటు బడులు అందరికీ ఇరవైకి ఇరవై వేసేస్తున్నాయన్న ఫిర్యాదుల మధ్య ఆంధ్రప్రదేశ్ 2019లోనే వాటిని ఎత్తేసింది. తెలంగాణ 2024 నవంబరులో రద్దు ప్రకటించి, వెంటనే ఆ ఏడాదికి వెనక్కి తగ్గింది. ఈ వాదులాటంతా గణితం, సైన్సు, భాషల చుట్టూనే తిరుగుతోంది తప్ప, రాతపరీక్షే లేకుండా మొత్తం బడిలోనే తేలిపోయే సంగీతం ఊసు ఎవరూ ఎత్తడం లేదు.

కళలు పదో తరగతి వరకు తప్పనిసరి కావాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పిన సంగతి తెలిసిందే. అసలు మలుపు 2014 మే 14న, రాష్ట్ర విభజనకు 19 రోజుల ముందు వచ్చిన 17వ నంబరు జీవోతో వచ్చింది. ప్రధాన సబ్జెక్టులకు రాతపరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20 మార్కుల పద్ధతి తెచ్చిన ఆ సంస్కరణల్లోనే కళలు, సంస్కృతి సహపాఠ్యాంశంగా గ్రేడుకెక్కాయి. పాఠాలతో పాటు కళలకూ గుర్తింపు దక్కాలన్న ఉద్దేశంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే సంగీతం, నృత్యం, నాటకం, చిత్రలేఖనం ఒకే గంపలో పడ్డాయి. శ్రుతి కలవకపోయినా బొమ్మ బాగా గీసే పిల్లకూ, గీత రాకపోయినా చక్కగా పాడే పిల్లకూ చివరికి దక్కేది ఒకే అక్షరం కావచ్చు.

ఆ అక్షరం వేసేదెవరన్నది ఉపాధ్యాయుల అసలు ప్రశ్న. విద్యాహక్కు చట్టం కళలకు పార్ట్‌టైమ్ బోధకులను 6 నుంచి 8 తరగతుల్లో, అదీ వందకు మించి పిల్లలున్న బడులకే చెప్పింది. 9, 10 తరగతులు ఆ చట్టం పరిధిలోనే లేవు. 2023లో తెలంగాణ గురుకులాలకు 124 సంగీత ఉపాధ్యాయ పోస్టులు ప్రకటించారు గానీ, మామూలు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆ పని ఖాళీ పీరియడున్న తెలుగు పంతులుగారి మీదో, సోషల్ టీచరమ్మ మీదో పడుతుంది. రాగం తెలియని తమను రాగానికి గ్రేడు వేయమంటే ఎలాగన్న వారి మాటకు ఇంతవరకు సరైన జవాబు లేదు.

నిజానికి కర్ణాటక సంగీతంలో కొలత పాఠంలోనే ఉంది. మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు ఎనిమిది దెబ్బల ఆదితాళానికి మొదటి కాలంలో (వేగంలో) దెబ్బకొక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు చొప్పున పాడించి చూస్తే, తాళం వేసే చెయ్యి ఎక్కడ తడబడిందో, శుద్ధ రిషభం (‘రి’ స్వరం) ఎక్కడ పైకి జారిందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల వంటి చోట్ల పరీక్షకుడు ఎదురుగా కూర్చుని విన్నాకే గ్రేడు వేస్తాడు. సీబీఎస్ఈ కర్ణాటక సంగీతంలోనూ వందలో రాతపరీక్షకు 30 మార్కులే. మన హైస్కూల్లో జూన్‌లో పాడిన గీతాన్నే ఫిబ్రవరిలోనూ పాడించి, రెండూ ఫోనులో రికార్డు చేసి పక్కపక్కన వినిపిస్తే పిల్ల ఎంత నేర్చిందో గ్రేడు వేసే టీచరమ్మకే కాదు, పిల్లకూ తెలుస్తుంది. ఇప్పుడు మాత్రం బడి రికార్డులో పిల్ల పేరు పక్కన ఒక అక్షరం ఉంటుంది. ఏ గీతం పాడిందో, ఏ కాలం దాకా వచ్చిందో ఉండదు.