పస్ సెల్స్ అంటే పేగు కుళ్ళడం కాదు: కడుపులోని కాపలా గురించి అపోహలు - వాస్తవాలు

"డాట్రుబాబూ, పేగులో సీము పట్టీసిందట గదా! ఆపరేషన్ సెయ్యాలేటి?"

నరసన్నపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన రిపోర్టు నా ముందు పెట్టి అడిగిన మాట ఇది. కాగితం మా ల్యాబ్‌దే. మలం పరీక్షలో 'పస్ సెల్స్: 15-20' (లెన్స్‌లో ఒకసారికి కనిపించే మేరలో ఉన్నవి) అని రాసింది నేనే. పస్ అంటే చీము అని ఊళ్ళో చదువుకున్న కుర్రాడెవరో చెప్పాడట. ఆ అర్థంలో తప్పు లేదు. దాన్ని పట్టుకుని ఆయన రెండు రాత్రులు నిద్రపోకపోవడమే తప్పు.

శ్రీకాకుళంలో మైక్రోబయాలజిస్టుగా ఇరవై ఏళ్ళుగా మలం, మూత్రం, కళ్ళె స్లైడ్లు చూస్తున్నాను. తొలకరి పడిందంటే మా కౌంటర్ దగ్గర డబ్బాల వరస పెరుగుతుంది. ఆ వరసలో రోజూ వినబడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మలంలో పస్ సెల్స్ కనిపిస్తే పేగు కుళ్ళుతున్నట్టే.

పస్ సెల్స్ అని మేం రాసేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు. మన ఎముక మజ్జలో ఇవి రోజుకి సుమారు పదివేల కోట్లు పుడతాయి. క్రిమి ఎక్కడ లోపలికి చొరబడితే అక్కడికి గంటల్లో చేరి, దాన్ని మింగి, ఆ పనిలోనే చచ్చిపోతాయి. పుట్టుకతో వచ్చే ఈ రక్షణనే సహజ రోగనిరోధక శక్తి అంటారు. టీకా వేయించుకున్నాకో, ఓసారి జబ్బు పడి లేచాకో వచ్చే రక్షణ వేరు. అది తయారు కావడానికి రోజులూ వారాలూ పడుతుంది. ఇది మాత్రం పిలిచిన పూటే దిగుతుంది.

పిలిచేదెవరంటే పేగు గోడే. ఆ గోడ లోపలి పొర మందం ఒకే ఒక్క కణం. తల వెంట్రుకకన్నా సన్నం. అవతల పక్క లక్షల కోట్ల బాక్టీరియా, ఇవతల పక్క మన రక్తం. ఈ కణాలకి ఒక కాలింగ్ బెల్ ఉంది. చాలా బాక్టీరియాలకి ఈదడానికి తోకలుంటాయి. ఆ తోకలోని ప్రోటీన్ తగిలితే మోగే బెల్ అది, పేరు టీఎల్ఆర్-5. ఈ బెల్‌ని పేగు కణం ఎక్కువగా వీధి వైపు పెట్టుకోదు, ఇంటి లోపలి గోడకి బిగించుకుంటుంది. వీధిలో పోయేవాళ్ళకి అది అందదు. గోడ దూకినవాడికే మోగుతుంది. లేకపోతే తిన్న ప్రతి ముద్దకీ పేగులో యుద్ధమే. ఇలాంటి బెల్‌లు సహజ రక్షణని ఎలా మేల్కొలుపుతాయో కనిపెట్టినందుకే 2011లో బ్యూట్లర్, హాఫ్‌మన్‌లకి నోబెల్ వచ్చింది.

ఇక స్లైడ్ సంగతి. గాజు పలక మీద ఒక చుక్క సెలైన్, పక్కన ఒక చుక్క అయోడిన్. పుల్లతో రవ్వంత మలం తీసి రెండింట్లో కలిపి, పైన పల్చటి అద్దం ముక్క వేసి చూస్తాం. షిగెల్లా అనే బాక్టీరియా తెచ్చే జిగట విరేచనాలైతే పస్ సెల్స్ చాప పరిచినట్టు ఉంటాయి, మధ్యలో ఎర్ర కణాలు. గోడ తెగింది, సైన్యం దిగింది అని అర్థం. నాలుగైదు కణాలు కనిపిస్తే మాత్రం నేను పెద్దగా పట్టించుకోను.

అలాగని పస్ సెల్స్ లేవు కదా, ప్రమాదం లేదు అనుకునేరు! కలరా మలం బియ్యం కడుగు లాగా ఉంటుంది. లెన్స్ కింద పెడితే పస్ సెల్ ఒకటో రెండో, అవీ ఉంటే. ఎందుకంటే కలరా క్రిమి గోడ దూకదు. పైన కూర్చునే విషం వదులుతుంది, బెల్ గట్టిగా మోగదు. చికిత్స అందకపోతే గంటల్లో మనిషి పోయేది ఆ జబ్బులోనే. అమీబా అయితే మరీ దొంగ. తన మీదకి వచ్చిన తెల్లకణాలనే చంపేస్తుంది. అందుకే అమీబా జిగటలో రక్తం ఎక్కువ, పస్ సెల్స్ తక్కువ. పస్ సెల్స్ అంకె ఒక్కటే చూసి జబ్బు తీవ్రత చెప్పడం కుదరదు.

పెద్దాయన్ని పిలిచి ఆయన స్లైడే లెన్స్‌లో చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు. "ఇయన్నీ నావేనా?" అన్నారు. మీవే, మీ తరఫున పోరాడి చచ్చినవే అన్నాను. ఆయన మొహం అప్పటికి కాస్త తేరుకుంది. తర్వాత మందు రాసింది ఆయన్ని చూసే డాక్టరు, నేను కాదు.

అపోహ: గ్యాస్ బిళ్ళ వల్ల నష్టమేం ఉంది, రోజూ పరగడుపున ఒకటి వేసుకుంటే కడుపు చల్లగా ఉంటుంది.

నాకు బాగా కోపం తెప్పించే అపోహ ఇదే. కాలునొప్పి మందుతో ఒకటి, జలుబు మందుతో ఒకటి. ఎవరు మొదలెట్టారో గుర్తు లేదు, ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు, మానడం మాత్రం లేదు.

కడుపులో ఊరే ఆమ్లం అరుగుదలకి మాత్రమే కాదు. పేగు ముఖద్వారం దగ్గర నిలబడ్డ మొదటి కాపలాదారు అదే. నీళ్ళతో, తిండితో వచ్చిన క్రిముల్లో ఎక్కువ భాగం అక్కడే చస్తాయి. కలరా మీద వాలంటీర్లతో చేసిన ప్రయోగాల్లో ఈ సంగతి కళ్ళకి కట్టింది. ఆమ్లాన్ని సోడా ఉప్పుతో విరిచేస్తే, జబ్బు తెప్పించడానికి కావలసిన క్రిముల సంఖ్య వేల రెట్లకి పైగా పడిపోయింది. పాంటాప్రజోల్, ఒమిప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళలు వాడేవాళ్ళలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్, సి.డిఫిసిల్ అనే బాక్టీరియాల పేగు ఇన్‌ఫెక్షన్లు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. షిగెల్లాకైతే ఆమ్లం ఉన్నా లెక్కలేదు. పది నుంచి వంద క్రిములు చాలు, చెయ్యి కడుక్కోని ఒక్క ముద్దలో వచ్చేస్తాయి.

అల్సర్ ఉన్నవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు కొందరు ఈ బిళ్ళ వేసుకోవాల్సిందే. వాళ్ళు నా మాట పట్టుకుని మానేయొద్దు. ఎందుకు వేసుకుంటున్నారో తెలియనివాళ్ళు మాత్రం తర్వాతిసారి డాక్టరుగారిని ఆ ప్రశ్న అడగండి.

అపోహ: పేగులు అప్పుడప్పుడూ కడిగి శుభ్రం చెయ్యాలి. విరేచనాలు మొదలైతే ముందు ఒక యాంటీబయాటిక్ పడెయ్యాలి.

రెండూ ఒకే ఆలోచనకి రెండు కొమ్మలు: లోపలున్న క్రిములన్నీ శత్రువులు అనుకోవడం. మన ఒంట్లో బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని అంచనా, దాదాపు అన్నీ పెద్దపేగులోనే. వాటిని పేగు చంపదు, దూరం పెడుతుంది. దానికి వాడే సరుకు జిగురు. పెద్దపేగులో ఆ జిగురు రెండు పొరలు. బయటి పొర వదులుగా ఉంటుంది, బాక్టీరియా అందులో కాపురం చేస్తాయి. లోపలి పొర బిగువు, మామూలుగా అందులోకి అవి చొరబడలేవు. చిన్నపేగులో అంత బిగువైన జిగురు లేదు. అక్కడ గుంతల అడుగున పానెత్ కణాలు కూర్చుని క్రిములని చీల్చే ప్రోటీన్లు వదులుతుంటాయి. పొలానికి గట్టు, గట్టు మీద కావలి. నెలకోసారి ఆముదం తాగి అదంతా తోముకోనక్కర్లేదు. గోడ కణాలు మూడు నుంచి ఐదు రోజులకోసారి వాటంతటవే మారిపోతాయి.

యాంటీబయాటిక్ సంగతికి ఒక పాత ప్రయోగం చెబుతాను. 1950లలో అమెరికాలో బోన్‌హాఫ్, మిల్లర్ బృందం ఎలుకలకి స్ట్రెప్టోమైసిన్ నోటి ద్వారా ఇచ్చి, ఆ తర్వాత సాల్మొనెల్లా ఇచ్చింది. మామూలు ఎలుకకి జబ్బు అంటడానికి లక్ష క్రిములు కావలసి వస్తే, మందు తిన్న ఎలుకకి పదిలోపు సరిపోయాయి. ఊళ్ళో ఉన్నవాళ్ళని మనమే ఖాళీ చేయించి, దొంగకి తలుపు తీసినట్టు. షిగెల్లాకీ, టైఫాయిడ్‌కీ, ముదిరిన కలరాకీ యాంటీబయాటిక్ కావాలి. మామూలు నీళ్ళ విరేచనాలకి ఎక్కువమందిలో అక్కర్లేదు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే ఆ 'రెండు మందులు కలిసిన బిళ్ళ' అసలే వద్దు.

అపోహ: విరేచనం వెళ్ళిపోతే మంచిదే, విషం పోతుంది. (దీనికి తోడు: నీళ్ళు తాగితే ఇంకా ఎక్కువవుతాయి.)

మొదటి మాటలో సగం నిజం ఉంది. క్రిములని కడిగి బయటికి తోసెయ్యడం పేగు రక్షణలో ఒక భాగమే. అందుకే రక్తం, జ్వరం ఉన్న విరేచనాలకి గబుక్కున బంధనం మందు వెయ్యొద్దంటాం. కలరాలో మాత్రం ఆ నీళ్ళ ప్రవాహం పేగు చేసే పని కాదు, క్రిమి మనచేత చేయించే పని. రెంటిలోనూ పోయేది మన నీళ్ళూ ఉప్పూనే. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి, ఆ వార్త ఇక్కడెవరూ మరిచిపోలేదు.

ఓఆర్ఎస్ విరేచనాలని ఆపదు. పోయినదాన్ని తిరిగి నింపుతుంది, అంతే, అదే చాలు. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో వేసి తాగించకండి. షాపుల్లో దొరికే తియ్యటి రంగు పానీయాలు ఓఆర్ఎస్ కావు. పిల్లలకి దీంతోపాటు జింక్ పద్నాలుగు రోజులు: ఆరు నెలలు దాటినవాళ్ళకి రోజుకి 20 మిల్లీగ్రాములు, లోపువాళ్ళకి 10. విరేచనాలు తగ్గగానే మానేస్తుంటారు, మానకండి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఇప్పటికే పెరిగి ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. ఒక్క పూట నీళ్ళు ఆరిపోయినా ఆ కిడ్నీ మీద దెబ్బే. ఒళ్ళునొప్పులకి పెయిన్ కిల్లర్ కూడా వేసుకోకండి, అది కిడ్నీకీ చెడ్డే, పేగు గోడకీ చెడ్డే.

అపోహ: ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిది.

కోవిడ్ తర్వాత పౌడర్ల వాళ్ళు అంటించిపోయిన జబ్బు ఇది. పేగు విషయంలో ఈ మాట తిరగబడుతుంది. పేగు గోడ వెనకాల మాక్రోఫేజ్‌లనే పెద్ద కణాలుంటాయి. గోడ దాటిన బాక్టీరియాని అవి మింగుతాయి కానీ గోల చెయ్యవు. రక్తంలోని వాటి బంధువులైతే అదే పనికి ఊరంతా లేపుతాయి. ఆ నిగ్రహం పోతే వచ్చేవే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి జబ్బులు. నెలల తరబడి రక్తం, జిగట, బరువు తగ్గడం. కల్చర్ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) పెడితే మాకు ఏ క్రిమీ దొరకదు, పస్ సెల్స్ మాత్రం నిండుగా. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష కొలిచేది కూడా ఈ న్యూట్రోఫిల్స్ సరుకునే.

ఇందులో ఒక మెలిక ఉంది. క్రోన్స్‌తో సంబంధం ఉన్నట్టు 2001లో మొదట గుర్తించిన జన్యువు నాడ్-2. బాక్టీరియాని పసిగట్టే బెల్‌లలో అదీ ఒకటి. దానిలో క్రోన్స్‌కి దారితీసే మార్పులు చాలావరకు బెల్‌ని మందగింపజేసేవే. అంటే ముందు నిలబడే కావలి బలహీనపడితే, వెనక మంట పెద్దదవుతుంది. దీన్ని 'పెంచాలి', 'తగ్గించాలి' అని ఒక్క మాటలో ఎవరు చెప్పగలరు? డబ్బా మీద చెంచా బొమ్మ వేసినవాళ్ళు చెప్పేస్తున్నారు.

పెరుగు, తరవాణి, చోడంబలి మంచి తిండే, తినండి. అవి ఇన్‌ఫెక్షన్‌కి మందు కావు. పసిపిల్లలకి పట్టకుండా ముర్రుపాలు పిండి పారబోయడం ఇప్పటికీ అక్కడక్కడా చూస్తున్నాను. పారబోసే ఆ పాలలోనే క్రిములని అడ్డుకునే లైసోజైమ్, లాక్టోఫెరిన్, యాంటీబాడీలు ఉన్నాయి. సొంత కావలి ఇంకా తయారుకాని పేగుకి తల్లి పంపిన అరువు కావలి అది.

చివరగా మా ల్యాబ్ గోడు. శాంపిల్ అగ్గిపెట్టెలో తేవద్దు, మూత గట్టిగా ఉండే శుభ్రమైన డబ్బాలో తెండి. జిగటా రక్తం ఉన్న ముక్కే తెండి, గట్టిగా ఉన్నది కాదు. అరగంట లోపల తెస్తే కదిలే అమీబా కనిపిస్తుంది, మధ్యాహ్నం దాకా బల్ల కింద పెట్టి తెస్తే అది చచ్చి ఏమీ కనపడదు. కల్చర్ రాసి ఉంటే యాంటీబయాటిక్ మొదటి బిళ్ళ వేసుకోకముందే ఇవ్వండి.