నల్లగొండలో 480 మంది అభ్యర్థులు: పోటీ ఖరీదైన మలుపు

అభ్యర్థుల ఎన్నికల వ్యయ పరిమితిని పెంచాలన్న వాదన మళ్లీ ముందుకు వచ్చింది. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, శాసనసభ అభ్యర్థికి 40 లక్షల రూపాయల పరిమితి 2022 జనవరిలో ఖరారైనదే. ఈ లెక్కల నడుమ, డబ్బు లేనివారికి బరిలో దిగే దారి ఎలా మూసుకుపోయిందన్న సంగతి మరుగున పడుతోంది. ఆ మలుపు 1996లో వచ్చింది, అందులో నల్లగొండకు పెద్ద పాత్రే ఉంది.

తాగే నీటిలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను వంచేసిన ఆ జిల్లాకు కృష్ణా జలాలు ఇవ్వాలని దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పోరాడింది. విన్నపాలను పట్టించుకున్నవారు లేకపోవడంతో, ఆ ఏటి లోక్‌సభ ఎన్నికల్లో వందలాది మందితో నామినేషన్లు వేయించింది. చివరికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది, నల్లగొండ నీళ్ల గోస దేశానికి వినిపించింది. నామినేషన్‌తో పాటు కట్టాల్సిన డిపాజిట్ అప్పట్లో 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. చిన్న రైతు కూడా ఎలాగోలా సర్దుకోగలిగిన మొత్తం కావడం వల్లనే ఆ నిరసన సాధ్యమైంది. తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో అదే ఏడాది 1,033 మంది పోటీ చేశారు.

ఇంతమందితో ఎన్నిక నిర్వహించడం అసాధ్యమని అధికారులు చెప్పారు. ఆ ఇబ్బంది నిజమే. అయితే దానికి దొరికిన పరిష్కారం నీళ్లు కాదు, చట్ట సవరణ. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10 వేలకు, శాసనసభ డిపాజిట్ 250 నుంచి 5 వేలకు, అంటే ఇరవై రెట్లు పెరిగాయి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి నామినేషన్‌పై సంతకం చేసే ప్రతిపాదకుడు ఒక్కరు సరిపోగా, స్వతంత్రులకు పదిమంది కావాలన్నారు. 2010 నుంచి ఆ డిపాజిట్లు 25 వేలు, 10 వేలు అయ్యాయి.

పెద్ద డబ్బు విషయంలో చట్టం ఇంత పట్టుదల చూపలేదు. పార్టీ తన అభ్యర్థి కోసం పెట్టిన ఖర్చు, అతని సమ్మతితో జరిగితే, అతని లెక్కలోకే వస్తుందని 1974 అక్టోబరు 3న కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎంత చిన్న అభ్యర్థి అయినా ధనికులతో సమానంగా పోటీపడగలగాలన్నదే పరిమితి ఉద్దేశమని జస్టిస్ భగవతి వివరించారు. పార్టీ పెట్టే ఖర్చును అభ్యర్థి లెక్క నుంచి మినహాయిస్తూ పదహారు రోజులకే ఆర్డినెన్స్ తెచ్చి ఆ తీర్పును నీరుగార్చారు. అప్పటికే గెలిచినవారికి అన్యాయం జరగకూడదన్నది ప్రభుత్వం చెప్పుకున్న కారణం. 2003లో ఆ మినహాయింపును కుదించినా, పార్టీ మొత్తం ఖర్చుకు నేటికీ పరిమితి లేదు. పార్టీ లేని అభ్యర్థికి ఈ వెసులుబాటూ లేదు.

2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు నల్లగొండ బాటనే ఎంచుకున్నారు. 185 మంది బరిలో నిలిస్తే వారిలో 178 మంది రైతులే. గిట్టుబాటు ధర అడగడానికి జనరల్ వర్గం రైతు 25 వేలు కట్టాల్సి వచ్చింది, ఎస్సీ, ఎస్టీ రైతు 12,500. ఆ వర్గాలకు చెందని మహిళకు మహిళగా ఏ రాయితీ లేదు, కౌలు రైతుకూ లేదు.

అభ్యర్థులకు ప్రభుత్వమే సాయం చేయాలని 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ సిఫార్సు చేసింది. కానీ ఆ సాయం గుర్తింపు పొందిన పార్టీల వారికే పరిమితం చేసి, స్వతంత్రులను పక్కన పెట్టింది.