స్వతంత్రం కోసం ఓటేసే దేశం, జేబులో పౌండు: కొన్ని అపోహలు, వాస్తవాలు

2014 సెప్టెంబరు 8, సోమవారం. స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాలో నేను పనిచేసే ఆఫీసులో పొద్దున ఏడింటికే ఫోన్లు మోగడం మొదలైంది. ముందురోజు వచ్చిన ఒక సర్వేలో, బ్రిటన్ నుంచి విడిపోయి స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావడానికి ‘యెస్’ అనేవాళ్లు 51 శాతం, ‘నో’ అనేవాళ్లు 49 శాతం. దాంతో పౌండు డాలరు మీద ఒక్క రోజులో ఒక శాతానికి పైగా పడిపోయింది. నా పని కరెన్సీ రిస్క్, అంటే మారకం రేటు అటూ ఇటూ అయితే కంపెనీకి ఎంత దెబ్బ తగులుతుందో ముందే లెక్కగట్టి దానికి తగ్గ జాగ్రత్త తీసుకోవడం. ఓటింగ్ అదే నెల 18న. ఆ పది రోజుల్లో మా కస్టమర్ల దగ్గర, మా ఇంటి ఓనరమ్మ దగ్గర, గ్లాస్గోలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లల దగ్గర విన్న మాటల్లో సగానికి సగం అపోహలే. ఏ దేశంలో ఇలాంటి ఓటింగ్ ఊసెత్తినా ఇప్పటికీ మళ్లీ అవే మాటలు వినబడుతున్నాయి, అందుకే కూర్చుని రాస్తున్నాను.

అపోహ: యెస్ గెలిస్తే తెల్లారేసరికి కొత్త దేశం.

కాదు. స్కాట్లాండ్ ప్రభుత్వం తన ప్రణాళికలో స్వతంత్ర దినంగా పెట్టుకున్న తేదీ 2016 మార్చి 24. అంటే ఓటు పడ్డాక ఏడాదిన్నర పాటు పంపకాలు. అన్నదమ్ములు విడిపోయేటప్పుడు పొలం, ఇల్లు ఎంత ముఖ్యమో అప్పులు ఎవరి వాటాకు ఎంత అన్నది అంతకన్నా ముఖ్యం, ఇక్కడా అంతే. బ్రిటన్ అప్పులో స్కాట్లాండ్ వాటా ఎంత, స్కాట్లాండ్‌లోని ఫాస్‌లేన్ నౌకా స్థావరంలో ఉన్న అణు జలాంతర్గాములు ఎక్కడికి పోతాయి, పెన్షన్లు ఎవరు ఇస్తారు, ఇవేవీ బ్యాలెట్ పేపరు మీద లేవు. అప్పిచ్చినవాళ్లు కంగారుపడి వడ్డీ పెంచేస్తారేమోనని బ్రిటన్ ఆర్థిక శాఖ 2014 జనవరిలోనే ఒక ప్రకటన చేసింది: ఓటింగ్‌లో ఏం తేలినా, విడిపోయే రోజు వరకు చేసిన అప్పు మొత్తానికి పూచీ మాదే అని. ఓటుకు ఎనిమిది నెలల ముందే అంత మాట చెప్పాల్సి వచ్చింది.

అపోహ: పౌండు మాది కూడా, దాన్ని మా దగ్గర్నుంచి ఎవరు లాక్కుంటారు?

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో ఆ ఓటింగ్ నడిచిందే దీని చుట్టూ.

ఒకరోజు మా ఓనరమ్మ పర్సులోంచి క్లైడ్స్‌డేల్ బ్యాంక్ పది పౌండ్ల నోటు తీసి నా ముందు పెట్టి, ‘ఇది మా బ్యాంకు అచ్చేసిన నోటు కదా, ఇంగ్లండుతో పనేంటి?’ అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. స్కాట్లాండ్‌లో మూడు బ్యాంకులు సొంత నోట్లు వేస్తాయి: బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, క్లైడ్స్‌డేల్. అయితే అవి ఎన్ని నోట్లు వేస్తే అంత విలువకు సరిపడా సొమ్ము వెనకాల చూపించాలి, అందులో ఎక్కువ భాగం బ్రిటన్ సెంట్రల్ బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్ల రూపంలోనే. ఇందుకోసమే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దగ్గర బయట ఎక్కడా చెలామణి కాని పెద్ద నోట్లు ఉంటాయి. పది లక్షల పౌండ్ల నోటును జెయింట్ అంటారు, పది కోట్ల పౌండ్ల నోటును టైటాన్ అంటారు. ఓనరమ్మ చేతిలో ఉన్న నోటు మీద బొమ్మ స్కాట్లాండుదే, దాని వెనక నిలబడ్డ పూచీ మాత్రం లండన్‌ది.

నోటు వాడుకోవడాన్ని ఎవరూ ఆపలేరు, అది నిజం. పనామా దేశం అమెరికా డాలరు వాడుకుంటోంది కదా. బ్యాంకు మునిగే పరిస్థితి వస్తే ఆదుకునేది ఎవరన్నదే అసలు ప్రశ్న. 2008, 2009లలో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్‌ను నిలబెట్టడానికి బ్రిటన్ ప్రభుత్వం 45 బిలియన్ పౌండ్లకు పైగా పోసింది. అంత భారం చిన్న దేశం ఒంటరిగా మోయడం చాలా కష్టం. అందుకే స్కాట్లాండ్ ప్రభుత్వం విడిపోయాక కూడా పౌండును ఇద్దరం కలిసి నడుపుదాం అంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ మార్క్ కార్నీ 2014 జనవరిలో ఎడిన్‌బరా వచ్చి, అలా నడపాలంటే సార్వభౌమాధికారంలో కొంత వదులుకోవాల్సి ఉంటుందని మర్యాదగానే చెప్పి వెళ్లాడు. రెండు వారాలకు బ్రిటన్ ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ వచ్చి కుదరదని తేల్చేశాడు. అలాగైతే అప్పులో వాటా కూడా తీసుకోం అని ఎడిన్‌బరా నుంచి జవాబు. ఇందులో ఎవరిది బెదిరింపో, ఎవరిది నిజమైన మాటో ఓటరుకు తెలిసే దారి లేదు. ఇద్దరి మీదా నాకు కోపం వచ్చింది ఇక్కడే, ఎందుకంటే మా ఓనరమ్మ ఇంటి అప్పు ఇంకా పదకొండేళ్లు ఉంది, అది ఏ కరెన్సీలో కట్టాలో ఆమెకు సూటిగా చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

విడిపోయాక ఉమ్మడి కరెన్సీ ఎన్నాళ్లు నిలుస్తుందంటే, చెకొస్లోవేకియా 1993 జనవరి 1న రెండయింది, ఉమ్మడి కరెన్సీ ఆరు వారాలు కూడా నిలవలేదు. పాత నోట్ల మీద స్టాంపులు అంటించి కొత్త నోట్లుగా వాడుకున్నారు. ఆ తర్వాత రెండు దేశాలూ బాగానే బతికాయి, అదీ చెప్పాలి.

అపోహ: షేర్లు పడ్డాయంటే, బ్యాంకులు పారిపోతున్నాయంటే, స్వతంత్రం వస్తే దేశం దివాలా అని మార్కెట్ తేల్చేసినట్టే.

మార్కెట్ అలాంటి తీర్పులేమీ ఇవ్వదు. ఏం జరుగుతుందో తెలియనప్పుడు ఆ తెలియకపోవడానికే రేటు కడుతుంది. ఇన్సూరెన్సులో ప్రీమియం పెరిగినంత మాత్రాన ఇల్లు కాలిపోయినట్టు కాదు కదా. ఓటుకు వారం ముందు రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, లాయిడ్స్ బ్యాంకు రెండూ యెస్ గెలిస్తే రిజిస్టర్డ్ ఆఫీసును, అంటే కాగితాల మీద ఉండే చిరునామాను, ఇంగ్లండుకు మారుస్తామన్నాయి. ఊళ్లో అది ఉద్యోగాలన్నీ పోతున్నట్టు పాకింది. నిజానికి రాయల్ బ్యాంక్ అధిపతి తన సిబ్బందికి రాసిన ఉత్తరంలో ఇది చట్టపరమైన మార్పు, ఉద్యోగాలు తరలించడం కాదు అనే చెప్పాడు. కష్టం వస్తే ఆదుకునే సెంట్రల్ బ్యాంకు ఎక్కడుందో అక్కడికి చిరునామా మార్చుకోవడం, అంతే. 2017 అక్టోబరులో, స్పెయిన్ నుంచి విడిపోవాలని ఓటింగ్ జరిగిన కాటలోనియాలోనూ కైషాబ్యాంక్, సబాడెల్ బ్యాంకులు ఇదే పని చేశాయి.

ఆ వారంలోనే గ్లాస్గో నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేసి, ‘అన్నా, ఉన్న డబ్బంతా హైదరాబాద్ పంపేయనా?’ అన్నాడు. గొంతులో బాగా టెన్షన్. యెస్ గెలిచినా మర్నాడు, బ్యాంకు మునిగినా మన డబ్బు తిరిగిచ్చే డిపాజిట్ గ్యారంటీ, అప్పట్లో 85,000 పౌండ్ల వరకు, ఎక్కడికీ పోదని చెప్పాను. ఫీజు పౌండ్లలో కట్టాలి కాబట్టి ఆ డబ్బు పౌండ్లలోనే ఉంచమన్నాను.

అపోహ: మనకు ఓటెక్కడిది?

ఉంది. మన భారతీయులు సహా, అక్కడ చట్టబద్ధంగా నివసించే కామన్‌వెల్త్ దేశాల పౌరులందరికీ ఉంది, ఆ ఫోన్ చేసిన కుర్రాడితో సహా. లండన్‌లో స్థిరపడ్డ స్కాట్లాండ్ మనిషికి మాత్రం లేదు. పదహారేళ్ల పిల్లలకూ ఇచ్చారు.

అపోహ: తెలంగాణ లాంటిదేగా ఇదీ.

ఆ ఏడాదే జూన్ 2న తెలంగాణ వచ్చింది కాబట్టి మనవాళ్లందరూ ఇలాగే పోల్చారు. కానీ తెలంగాణ వచ్చిన రోజు రూపాయి మారలేదు, రిజర్వ్ బ్యాంకు మారలేదు, పాస్‌పోర్టు మారలేదు, ఓటింగ్ కూడా జరగలేదు, పార్లమెంటు చట్టం చేసింది. అంత మారకపోయినా ఉమ్మడి సంస్థల ఆస్తుల పంచాయితీ పదేళ్లు దాటినా పూర్తిగా తెగలేదు. ఇక కరెన్సీ, సైన్యం, సరిహద్దు కూడా పంచుకోవాల్సి వస్తే ఎంత కాలం పడుతుందో ఊహించుకోండి.

అపోహ: ఉత్తర సముద్రం చమురు ఉంది, అదే చూసుకుంటుంది.

స్కాట్లాండ్ ప్రభుత్వ ప్రణాళిక పీపా 110 డాలర్ల పైనే అనుకుని లెక్కలు వేసింది. 2016 జనవరిలో ధర 30 డాలర్ల కిందికి దిగింది. స్వతంత్ర దినం అనుకున్న తేదీకి సుమారు రెండు నెలల ముందు. చమురు లేకపోతే ఆ దేశం బతకదని నేననను, కానీ ఒక్క సరుకు మీద వేసిన బడ్జెట్‌ను నా దగ్గరికి ఏ కంపెనీ తెచ్చినా వెనక్కి పంపేవాణ్ణి.

అపోహ: నో గెలిస్తే అనిశ్చితి తీరిపోయినట్టే.

84.6 శాతం పోలింగ్, 55.3 శాతం నో. ఫలితాల రాత్రి పౌండు పైకి లేచింది, మా ఆఫీసులో అందరం ఊపిరి పీల్చుకున్నాం. ‘నో అంటేనే యూరోపియన్ యూనియన్‌లో ఉంటాం’ అన్నది ఆ ప్రచారంలో గట్టిగా వినిపించిన మాట, మా ఓనరమ్మ నో వేసింది కూడా అందుకే. రెండేళ్లకు, 2016 జూన్‌లో, స్కాట్లాండ్ 62 శాతం ఉంటామన్నా బ్రిటన్ మొత్తం బయటికి పోదామంది. ఆ రాత్రి పౌండు పడిన తీరు ముందు 2014 సెప్టెంబరు 8 ఏ మూలకూ రాదు. మర్నాడు సాయంత్రం ఆవిడ మెట్ల దగ్గర ఎదురై, ‘నేను దేనికి ఓటేసినట్టు?’ అని అడిగింది. చాలాసేపు ఇద్దరం అక్కడే నిలబడ్డాం.