నియంత మీదికి సైన్యం వెళ్ళొచ్చా?

పిల్లలకు,

మొన్న ఫోన్‌లో పెద్దది ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, ఒక నియంత సొంత జనాన్నే చంపుతుంటే పక్క దేశాలు సైన్యంతో వెళ్ళి ఆపకూడదా? చూస్తూ ఊరుకోవాలా?" అప్పుడు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులుగా మనసులో అదే తిరుగుతోంది, అందుకే ఈ ఉత్తరం.

ముందు హలబ్జా గురించి చెప్తాను. అది ఇరాక్‌లో, ఇరాన్ సరిహద్దు దగ్గర, కుర్దులు అనే జాతివాళ్ళు ఉండే ఊరు. 1988 మార్చి 16న ఇరాక్ నియంత సద్దాం హుస్సేన్ విమానాలు వచ్చి ఆ ఊరి మీద విషవాయువు బాంబులు వేశాయి. ముందు ఆపిల్ పండ్ల లాంటి వాసన వచ్చిందని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తబోయిన పెద్దవాళ్ళు గడప దాటేలోపే పడిపోయారు. ఒళ్ళో బిడ్డ ఉన్నట్టే ఉంది. దాదాపు 5,000 మంది పోయారు.

అప్పుడు ఎవరైనా సైన్యం పంపారా? లేదు. సద్దాం అప్పుడు ఇరాన్‌తో యుద్ధం చేస్తున్నాడు, చాలా పెద్ద దేశాలకు అతను కావలసినవాడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పదిహేనేళ్ళ తర్వాత, 2003 మార్చిలో, అమెరికా, బ్రిటన్ సైన్యాలు ఇరాక్ మీదికి వెళ్ళినప్పుడు అదే హలబ్జా పేరు ఎత్తారు. ముఖ్యంగా చెప్పిన కారణం వేరే, సద్దాం దగ్గర భయంకరమైన ఆయుధాలు దాచి ఉన్నాయని. ఎంత వెతికినా అవి దొరకలేదు. సద్దాంను దించేశారు. కొద్ది వారాలకే ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశారు. లక్షల మంది ఉద్యోగం పోయి, ఆయుధాలు వాడటం తెలిసి, కడుపు మండి వీధిన పడ్డారు. తర్వాత ఏళ్ళ తరబడి అక్కడ జనం ఒకరినొకరు చంపుకున్నారు. చావులు ఆపడానికి వెళ్తున్నామన్న మాట, చావులు జరుగుతున్న రోజున రావాలి. గద్దె దించాలనుకున్న రోజున పాత చావుల్ని గుర్తు చేసుకుంటే అది జాలి కాదు.

ఇది చదివి "అయితే ఎప్పుడూ వెళ్ళకూడదన్నమాట" అనుకోకండి. ఆఫ్రికాలోని రువాండా చూడండి. 1994 ఏప్రిల్‌లో అక్కడ టుట్సీలు అనే తెగవాళ్ళ ఊచకోత మొదలైంది. ఐక్యరాజ్యసమితి శాంతి సైనికులు అప్పటికే దేశంలో ఉన్నారు. రాజధాని కిగాలీలో ఒక సాంకేతిక పాఠశాలలో బెల్జియం సైనికుల్ని నమ్ముకుని 2,000 మంది దాకా తలదాచుకున్నారు. గేటు బయట కత్తులతో మూకలు కాచుకుని ఉన్నాయి. అంతకు ముందే పదిమంది బెల్జియం సైనికులు హతమయ్యారు, పాఠశాలలో ఉన్న సైనికుల్ని విదేశీయుల్ని తరలించే పనికి వెనక్కి రమ్మన్నారు. ఏప్రిల్ 11న ట్రక్కులు కదిలాయి. జనం అడ్డం పడి బతిమాలారు. ట్రక్కులు వెళ్ళిపోయాయి. లోపలివాళ్ళలో చాలామంది ఆ రోజే చచ్చిపోయారు. శాంతి దళం అధిపతి డల్లేర్ ఇంకా సైన్యం కావాలని మొత్తుకుంటుంటే, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఉన్న దళాన్నే 270 మందికి తగ్గించమంది. సుమారు వంద రోజుల్లో 8 లక్షల మంది చనిపోయారని లెక్క. అక్కడ సైన్యం వెళ్ళి ఉంటే తప్పని నా ముందు ఎవరూ అనలేరు.

వెళ్ళేవాడి మనసు పూర్తిగా శుభ్రంగా ఉండాలని కూడా నేను అనను. కంబోడియాలో నియంత పోల్ పాట్ నాలుగేళ్ళు కూడా నిండకుండానే పదిహేను లక్షల మందికి పైగా ప్రాణాలు తీశాడు. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం రాజధాని నాంపెన్ చేరి అతన్ని తరిమింది. వియత్నాం తన సరిహద్దు గ్రామాల మీద దాడులు భరించలేక వెళ్ళింది, పదేళ్ళు అక్కడే ఉండిపోయింది కూడా. అయినా ఆ మారణహోమం ఆగింది. ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీ మాత్రం ఏళ్ళ తరబడి పోల్ పాట్ వైపువాళ్ళ దగ్గరే ఉంచారు! భద్రతా మండలిలో ఐదు దేశాలకు వీటో ఉంది, అంటే ఒక్కరు వద్దన్నా తీర్మానం ఆగిపోతుంది, ఎవరి స్నేహితుణ్ణి వాళ్ళు కాపాడుకుంటారు. సైన్యం వెళ్ళాలంటే భద్రతా మండలి అనుమతి ఉండాలన్న నియమం మంచిదే. అది లేకపోతే బలమున్న ప్రతివాడూ జాలి పేరు చెప్పి పక్కవాడి ఇంట్లోకి దూరతాడు. కానీ అనుమతి లేదు కాబట్టి కంబోడియాలో చేసింది పాపం అని నా నోటితో అనలేను.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1991లోది. సద్దాం సైన్యానికి భయపడి లక్షల మంది కుర్దులు చలిలో కొండలెక్కారు. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ దళాలు ఉత్తర ఇరాక్‌లోకి వచ్చి, ఇరాక్ విమానాలు ఇటు ఎగరకూడదన్నాయి. బాగ్దాద్ జోలికి పోలేదు. జనం కొండలు దిగి ఇళ్ళకు చేరారు.

ఇక లిబియా. 2011 మార్చిలో అక్కడి నియంత గడాఫీ సైన్యం, తన మీద తిరగబడ్డ బెంఘాజీ నగరం అంచుకు వచ్చింది. జనాన్ని కాపాడమని భద్రతా మండలి అనుమతిచ్చింది. భారత్‌తో సహా ఐదు దేశాలు ఓటు వేయకుండా ఉండిపోయాయి. బెంఘాజీ నిలబడింది. కానీ అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్ లాంటి దేశాల విమానాలు ఆగలేదు, అక్టోబరులో గడాఫీ చనిపోయేదాకా సాగాయి. ఆ తర్వాత ఆ దేశాలు తమ దారిన తాము పోయాయి, లిబియా రెండు ప్రభుత్వాలుగా చీలింది. మొదటి వారం చేసింది సరైనదనే నా నమ్మకం. మరి ఎక్కడ ఆగాల్సింది? ఆగి ఉంటే గడాఫీ మళ్ళీ బెంఘాజీ మీదికి వచ్చేవాడా? ఇద్దరూ కూర్చుని ఆలోచించి, ఫోన్‌లో కాకుండా ఉత్తరంలోనే నాకు రాయండి.

మీ తాతయ్య